అమ్మ నేర్పాల్సిన అడవి: అనాథ ఒరాంగుటాన్ల పునరావాసం ఎందుకంత కష్టం

ఇండోనేషియాలోనో మలేసియాలోనో ఒక ఇంటి పెరట్లో గొలుసుకు కట్టిన ఒరాంగుటాన్ (చెట్ల మీద బతికే పెద్ద వానరం) పిల్ల కనబడిందంటే, దాని తల్లిని ఎవరో చంపేశారనే అర్థం. తల్లి ప్రాణంతో ఉండగా పిల్లను దాని నుంచి విడదీయడం దాదాపు అసాధ్యం. పుట్టిన మొదటి రెండేళ్ళూ పిల్ల తల్లి ఒంటి బొచ్చును పిడికిళ్ళతో పట్టుకునే ఉంటుంది. తల్లి ఏ కొమ్మకు పోతే అదీ ఆ కొమ్మకే. అందుకే పిల్లను పట్టదలచినవాడు ముందు తుపాకీ తల్లి మీదికి ఎత్తుతాడు. చాలాసార్లు తల్లితోపాటు అంత ఎత్తు నుంచి పడి పిల్ల కూడా చనిపోతుంది. బతికి సంతకు చేరిన పిల్లలు కనబడతాయి, చేరనివి ఏ లెక్కలోకీ రావు.

మలయ్ భాషలో ఒరాంగ్ అంటే మనిషి, హుతాన్ అంటే అడవి. ఈ అడవి మనుషులు ఇవాళ భూమ్మీద రెండు దీవుల్లోనే ఉన్నారు: బోర్నియో, సుమత్రా. బోర్నియోలో ఒక జాతి, సుమత్రాలో రెండు. ఆ రెండింటిలో తపనూలి ఒరాంగుటాన్‌ను శాస్త్రవేత్తలు వేరే జాతిగా గుర్తించింది 2017లోనే. గుర్తించేనాటికే బతాంగ్ తోరు కొండల్లో మిగిలినవి 800 లోపు. బోర్నియోలో లక్ష దరిదాపుల్లో, సుమత్రా జాతివి 14,000 దరిదాపుల్లో ఉంటాయని 2016 నాటి అంచనా. మూడూ అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల పట్టికలోనే ఉన్నాయి.

లక్ష అంటే తక్కువేమీ కాదు కదా అనిపించవచ్చు. కానీ ఈ జంతువు సంతతి పెరిగే తీరు చూస్తే ఆ అంకె భరోసా ఇవ్వదు. ఆడ ఒరాంగుటాన్ సుమారు 15 ఏళ్ళకు తొలిచూలు కంటుంది. ఆ తర్వాత మళ్ళీ కనడానికి 7 నుంచి 9 ఏళ్ళు పడుతుంది. నేల మీద బతికే జంతువుల్లో కాన్పుకూ కాన్పుకూ మధ్య ఇంత ఎడం మరి దేనికీ లేదంటారు. జీవితం మొత్తంలో నాలుగైదు పిల్లలు, అంతే. ఆడవాటిలో ఏడాదికి నూటికొకటి అదనంగా చనిపోయినా ఆ గుంపు నెమ్మదిగా తరిగిపోయి ఒకనాటికి మాయమవుతుందని జనాభా లెక్కలు కట్టినవాళ్ళు చెబుతున్నారు. ఇక జరుగుతున్నదేమిటి? బోర్నియోలో ఇండోనేషియా పాలన కింద ఉన్న భాగాన్ని కాలిమంతాన్ అంటారు. అక్కడి 687 గ్రామాల్లో 7,000 మందిని అడిగి చేసిన సర్వే 2011లో వెలువడింది. వాళ్ళు చెప్పినదాన్ని బట్టి లెక్కగడితే, అంతకు ముందటి ఒక్క ఏడాదిలోనే 750 నుంచి 1,800 దాకా ఒరాంగుటాన్లు మనుషుల చేతుల్లో చనిపోయాయి. కొన్నింటిని మాంసం కోసం చంపారు, కొన్నింటిని తోటలో పడ్డాయని, కొన్నింటిని ఎదురుపడితే భయపడి. 1999 నుంచి 2015 మధ్య బోర్నియోలో లక్షకు పైగా ఒరాంగుటాన్లు తగ్గిపోయాయని 2018లో మరో అధ్యయనం తేల్చింది. అందులో గమనించాల్సిన సంగతి, వాటిలో ఎక్కువ భాగం చెట్లు ఇంకా నిలిచి ఉన్న అడవుల నుంచే పోయాయి. రంపం ఎంత కారణమో తుపాకీ కూడా అంతే కారణం.

2019 మార్చిలో సుమత్రాలోని ఆచే ప్రాంతంలో ఒక తల్లిని కాపాడి తెచ్చారు. ఒంట్లో 74 ఎయిర్‌గన్ గుళ్ళు. రెండు కళ్ళూ పోయాయి. భుజం ఎముక విరిగింది. ఒళ్ళోని నెల వయసు పిల్ల పోషణ లేక ఆసుపత్రికి తెచ్చే దారిలోనే చనిపోయింది. ఆ తల్లికి సిబ్బంది హోప్ అని పేరు పెట్టారు.

తల్లి ఒళ్ళే బడి

ఒక లేడిపిల్లనో కుందేలుపిల్లనో పెంచి వదలడం వేరు, దీన్ని పెంచి వదలడం వేరు. అడవిలో బతకడానికి ఒరాంగుటాన్‌కు కావలసినదాంట్లో పుట్టుకతో వచ్చేది కొంచెమే. మిగతాదంతా తల్లిని చూసి నేర్చుకునేదే. ఆ చదువుకు ఏడెనిమిదేళ్ళు పడుతుంది. ఒరాంగుటాన్ పిల్ల ఎనిమిదేళ్ళు దాటినా అప్పుడప్పుడు తల్లిపాలు తాగుతుందని పళ్ళలో మిగిలిన ఖనిజాల ఆనవాళ్ళు పరీక్షించి కనుగొన్నారు. అడవిలో పండ్లు దొరకని కాలాల్లో ఈ పాలే పిల్లను కాపాడతాయి.

ఆ చదువులో మొదటిది తిండి. పెద్ద ఒరాంగుటాన్‌కు 200కు పైగా తిండి పదార్థాలు తెలిసి ఉంటాయి. దురియన్, మర్రిజాతి పండ్లు, లేత ఆకులు, పూలు, పేము చిగుళ్ళు, చెదపురుగులు, తేనె. ఏ పండు ఎప్పుడు పక్వానికి వస్తుంది, దేన్ని తొక్క ఒలిచి తినాలి, దేని గింజ ఉమ్మేయాలి, ముళ్ళ కొమ్మలోంచి గుజ్జు ఎలా లాగాలి, ఇవన్నీ పిల్ల తల్లి నోటి దగ్గరికి మొహం తెచ్చి, అది తినేదాన్ని వాసన చూసి, ఓ ముక్క అడిగి పుచ్చుకుని తెలుసుకుంటుంది. సుమత్రాలోని సువాక్ బలింబింగ్ చిత్తడి అడవిలో నీసియా అనే కాయ ఉంటుంది. దాని గింజల చుట్టూ గుచ్చుకుంటే మండే నూగు. అక్కడి ఒరాంగుటాన్లు పుల్ల చెక్కి నోట పట్టుకుని ఆ నూగు గీకేసి గింజలు తీసుకుంటాయి. అదే కాయ కాసే మరికొన్ని అడవుల్లో ఈ విద్య తెలిసినవే లేవు. అది తరం నుంచి తరానికి దిగివచ్చిన ఊరి విద్య లాంటిది.

బోర్నియో అడవుల్లో ఇంకో చిక్కు ఉంది. అక్కడి మహావృక్షాలు ఏటా కాయవు. కొన్నేళ్ళకోసారి అడవంతా ఒక్కసారిగా విరగకాస్తుంది, ఆ తర్వాత మళ్ళీ ఏళ్ళ తరబడి కరువు. కాపు ఉన్న ఏడు ఒళ్ళు పెంచుకుని, లేని ఏడు చెట్టు బెరడు లోపలి మెత్తటి పొరను పళ్ళతో గీరుకు తిని ప్రాణం నిలబెట్టుకోవాలి. ఏ చెట్టు బెరడో తెలియని పిల్లకు ఆ కరువే ఆఖరి కాలం. విడుదలైన మొదటి నెలల్లో చలాకీగా తిరిగిన జంతువు ఏడాది తర్వాత ఎలా ఉందో చూడాలని నిపుణులు పట్టుబట్టేది ఇందుకే.

రెండోది గూడు. ప్రతి సాయంత్రం ఒరాంగుటాన్ ఒక కొత్త గూడు కట్టుకుంటుంది. బలమైన కొమ్మలను మెలివేసి, లోపలికి వంచి, పైన ఆకుల పరుపు వేస్తుంది. ఏడాది నిండకముందే పిల్ల ఆటగా రెమ్మలు వంచడం మొదలుపెడుతుంది. పక్కా గూడు కట్టడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. మూడోది దారి: ఏ కొమ్మ తన బరువు మోస్తుందో, ఏ తీగ పట్టుకుంటే అవతలి చెట్టు అందుతుందో. ఇక నాలుగోది భయం. పామంటే, నేలంటే, అన్నింటికన్నా మనిషంటే భయం. మనుషుల చేతుల్లో పెరిగిన పిల్లకు ఈ చివరిది నేర్పడమే అన్నింటికన్నా కష్టం.

పెంపుడు తల్లులు, అడవి బడి

కాపాడిన పిల్లను మొదట క్వారంటైన్‌లో పెడతారు. మనిషికొచ్చే జబ్బులు దానికీ వస్తాయి. జన్యుపరంగా మనకూ దానికీ దాదాపు 97 శాతం పోలిక. క్షయ, కామెర్ల వైరస్‌లు, మలేరియా, పేగుల్లో పరాన్నజీవులు, అన్నింటికీ పరీక్షలు జరుగుతాయి. ఇంట్లో పెంచినవాళ్ళు పెట్టిన అన్నం, నూడుల్స్, తీపి పానీయాల వల్ల చాలా పిల్లలు పోషణ లేక చిక్కిపోయి వస్తాయి. ఒక జబ్బు జంతువును తెలియక అడవిలో వదిలితే అక్కడ ఉన్నవాటికి కూడా అంటించినట్టే. అందుకే ఈ దశలో తొందర పనికిరాదు.

ఆ తర్వాత వచ్చేది మనుషులైన తల్లులు. మధ్య కాలిమంతాన్‌లో పలంకారాయ పట్టణం పక్కన ఉన్న న్యారు మెంతెంగ్ కేంద్రాన్ని 1999లో డెన్మార్క్ మహిళ లోన్ డ్రోషర్ నీల్సన్ మొదలుపెట్టారు. బోర్నియో ఒరాంగుటాన్ సర్వైవల్ ఫౌండేషన్ నడిపే ఆ కేంద్రంలో ఒక దశలో 600కు పైగా ఒరాంగుటాన్లు ఉండేవి. అక్కడ పిల్లలను సాకేవాళ్ళు ఎక్కువగా స్థానిక దయాక్ తెగ స్త్రీలు. పసిదాన్ని రాత్రంతా ఒంటికి హత్తుకుని పడుకోబెడతారు, సీసాతో పాలు పడతారు. తల్లి చనిపోయిన పిల్లకు ముందు కావలసింది పట్టుకోవడానికి ఒక ఒళ్ళు. అది దొరకనివి కడుపు నిండినా దిగులుతో కృశించిపోతాయి.

కొంచెం ఎదిగాక రోజూ పొద్దున్నే వీటిని ఎత్తుకుని దగ్గరి అడవికి తీసుకెళ్తారు. దీన్నే అడవి బడి అంటారు. సంరక్షకులు ఒక చిగురు తుంచి నమిలి చూపిస్తారు. చెదల పుట్ట పగలగొట్టి పెదాలతో పీల్చి చూపిస్తారు. రబ్బరు పామును దారిలో పడేసి, చూడగానే కేకలు పెట్టి పారిపోతారు. అది చూసి పిల్లలూ భయపడి చెట్టెక్కాలని. కొన్ని కేంద్రాల్లో సంరక్షకులే తాళ్ళు కట్టుకుని చెట్లెక్కుతారు, ఎందుకంటే కింద నిలబడిన మనిషి పక్కనే పిల్ల కూడా కిందే ఉండిపోతుంది. ఎంత చేసినా మనిషి కొమ్మలు వంచి గూడు కట్టలేడు, అరవై అడుగుల ఎత్తున ఆ చెట్టు నుంచి ఈ చెట్టుకు ఊగి చూపించలేడు. ఆ లోటు కొంతవరకు తోటి పిల్లలే తీరుస్తాయి. వయసులో పెద్దది ఒకటి గూడు కట్టడం మొదలుపెడితే చిన్నవి చుట్టూ చేరి చూస్తాయి.

ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి వీటిని నదుల మధ్య ఉన్న దీవులకు మారుస్తారు. ఒరాంగుటాన్లు ఈదలేవు కాబట్టి కంచె అక్కర్లేదు. తిండి కొంత అందిస్తారు, కొంత అవే వెతుక్కోవాలి. మనిషి వీలైనంత దూరంగా ఉండి చూస్తాడు. ఇక్కడ తేలుతుంది ఎవరు అడవికి పనికొస్తారో. నేల మీదే తిరిగేవి, తిండి పడవ చప్పుడు కోసమే ఎదురుచూసేవి ఇంకొన్నాళ్ళు ఆగాలి. నెగ్గినవాటి చర్మం కింద చిన్న ట్రాన్స్‌మిటర్ అమర్చి దూరపు అడవికి పంపుతారు. బుకిట్ బాటికప్ లాంటి చోటికి రోడ్డు లేదు. పెట్టెలను హెలికాప్టర్ కింద వేలాడదీసి తీసుకెళ్ళారు. వదిలాక పరిశీలకుల పని మొదలవుతుంది. తెల్లవారుజామున అది గూట్లోంచి లేవకముందే కింద చేరి, సాయంత్రం కొత్త గూడు కట్టేదాకా వెంట నడుస్తూ ఏం తిన్నదీ ఎంతసేపు కదిలిందీ నిమిషాల లెక్కన రాసుకుంటారు. ఇలా కనీసం ఏడాదైనా చూడాలన్నది అంతర్జాతీయ మార్గదర్శకం. ఒక పిల్ల చేరిన రోజు నుంచి ఇక్కడిదాకా రావడానికి ఏడేళ్ళు, ఎనిమిదేళ్ళు. అంటే తల్లి పెట్టుకునే కాలమే. మనుషులకు అడ్డదారి దొరకలేదు.

తప్పులు చేసి నేర్చుకున్న పని

ఇప్పుడు పద్ధతిగా కనబడే ఈ పని మొదట్లో ఇలా లేదు. 1956లో బోర్నియోలోని సరవాక్ (ఇప్పుడు మలేసియా రాష్ట్రం) రాజధాని కూచింగ్‌లో బార్బరా హారిసన్ అనే మహిళ అధికారులు స్వాధీనం చేసుకున్న పిల్లలను ఇంట్లోనే పెంచడం మొదలుపెట్టారు. పంజరంలో పెంచి జంతుప్రదర్శనశాలకు పంపడం తప్ప మరో దారి లేదనుకునే రోజుల్లో, తిరిగి అడవికి పంపవచ్చని ప్రయత్నించింది ఆమే. 1964లో బోర్నియోలోనే ఉన్న మరో మలేసియా రాష్ట్రం సబాలో సెపిలోక్ కేంద్రం వచ్చింది. 1971లో ఒరాంగుటాన్ల పరిశోధకురాలు బిరూటే గాల్డికాస్ మధ్య కాలిమంతాన్‌లోని తంజుంగ్ పుతింగ్ అడవిలో క్యాంప్ లీకీ పెట్టారు. 1973లో సుమత్రాలోని బోహోరోక్‌లో మరొకటి మొదలైంది.

ఆ తొలి కేంద్రాల ప్రేమను శంకించలేం. కానీ వాటి లోపాలు తర్వాతి వాళ్ళకు పాఠాలయ్యాయి. అడవి అంచున రోజూ అరటిపండ్లు పెట్టే తిన్నెలు కట్టారు. అక్కడికి పర్యాటకులు వచ్చారు. మనుషుల జలుబు, దగ్గు వాటికి అంటే అవకాశం పెరిగింది. వాటి పిల్లలు కూడా మనుషుల చుట్టూ తిరగడమే నేర్చాయి. అన్నింటికన్నా పెద్ద పొరపాటు, అప్పటికే అడవి ఒరాంగుటాన్లు ఉన్నచోటే వీటినీ వదలడం. బోర్నియోలోనే మూడు ఉపజాతులున్నాయన్నది అప్పటికి స్పష్టంగా తెలియదు. తంజుంగ్ పుతింగ్‌లో వదిలినవాటిలో రెండు ఆడవి వాయవ్య ఉపజాతివని, వాటి సంతతి స్థానిక గుంపులో కలిసిపోయిందని దశాబ్దాల తర్వాత జన్యు పరీక్షల్లో తేలింది. వేల ఏళ్ళుగా వేరుగా ఉన్న రెండు వంశాలు కలిస్తే పిల్లలు బలహీనపడతాయా లేదా అన్నది వెంటనే తేలే ప్రశ్న కాదు. కలిశాక విడదీయడం మాత్రం కుదరదు.

1991లో డచ్ అటవీ శాస్త్రవేత్త విల్లీ స్మిట్స్ తూర్పు కాలిమంతాన్‌లో మొదలుపెట్టిన కేంద్రంతో పద్ధతి మారింది. పిల్లలను గుంపులుగా పెంచడం, పర్యాటకులను రానీయకపోవడం, కఠినమైన వైద్య పరీక్షలు అక్కడి నుంచే పాతుకున్నాయి. 1995లో ఇండోనేషియా ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది: పునరావాసం పొందిన ఒరాంగుటాన్లను అడవి ఒరాంగుటాన్లు ఉన్నచోట వదలకూడదు. శాస్త్రపరంగా సరైన మాట. దానితోనే అసలు సమస్య ముందుకొచ్చింది. ఒరాంగుటాన్లు బతకడానికి అనువైన అడవి కావాలి, కానీ అందులో ఒరాంగుటాన్లు ఉండకూడదు. అనువైన అడవిలో అవి లేవంటే సాధారణంగా ఒకప్పుడు వేటాడి ఖాళీ చేశారన్నమాటే. ఆ వేట ఇప్పుడు ఆగిందని నమ్మకం ఉండాలి. అలాంటి చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

2007 డిసెంబర్‌లో బాలిలో జరిగిన వాతావరణ సదస్సు సందర్భంగా అప్పటి అధ్యక్షుడు సుసీలో బంబాంగ్ యుధోయోనో, 2015 కల్లా పునరావాస కేంద్రాల్లోని ఒరాంగుటాన్లన్నింటినీ అడవికి చేరుస్తామని ప్రకటించారు. ఆ గడువు వచ్చిన ఏడాదే ఇండోనేషియాలో 26 లక్షల హెక్టార్లు తగలబడ్డాయి. వరి పండిస్తామని 1996లో మధ్య కాలిమంతాన్ చిత్తడి నేలల్లో కాలువలు తవ్వి నీళ్ళు తోడేశారు. తడి ఆరిన ఆ నేలలు నెలల తరబడి లోలోపల కాలుతూనే ఉన్నాయి. కేంద్రాలు ఖాళీ కాలేదు, కొత్త పిల్లలు వచ్చి చేరాయి. అయినా 2012 నుంచి బోర్నియో ఫౌండేషన్ ఒక్కటే 500కు పైగా ఒరాంగుటాన్లను అడవికి పంపింది. అలా వెళ్ళినవాటిలో కొన్ని అక్కడే పిల్లల్ని కన్నాయి. ఈ పని సాధ్యమేననడానికి దానికన్నా గట్టి రుజువు లేదు.

ఖర్చు అడిగే ప్రశ్న

దీని మీద శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. ఒక ఒరాంగుటాన్‌ను పెంచి అడవికి పంపడానికయ్యే ఖర్చు, అడవిని కాపాడి ఒక ఒరాంగుటాన్‌ను నిలబెట్టే ఖర్చుకు 12 రెట్లని 2014లో వచ్చిన ఒక విశ్లేషణ లెక్కగట్టింది. పది, ఇరవై ఏళ్ళకు మించి ఆలోచిస్తే డబ్బు అడవి రక్షణ మీద పెట్టడమే మేలన్నది దాని నిర్ధారణ. ఈ లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ గొలుసుకు కట్టిన మూడేళ్ళ పిల్ల ముందు నిలబడిన అటవీ ఉద్యోగికి ఈ లెక్క దారి చూపదు. దాన్ని స్వాధీనం చేసుకుంటే పెట్టడానికి చోటుండాలి. చోటు లేకపోతే చట్టం కాగితం మీదే ఉండిపోతుంది. కేంద్రాలు లేని రోజుల్లో జరిగింది అదే. కాబట్టి పునరావాసాన్ని చట్టం అమలులో భాగంగా, ఆ ప్రాణికి మనుషులు బాకీపడ్డ న్యాయంగా చూడాలి. జాతిని కాపాడే పనిగా చూపించి దానికి చందాలు అడగడం మాత్రం సరికాదు. ముద్దొచ్చే పిల్ల బొమ్మకు వచ్చినంత డబ్బు, పేరు లేని చిత్తడి అడవికి రాదు. ఆ బొమ్మ చూసి ఇచ్చినవాళ్ళు అడవికి కూడా ఇచ్చామనుకునే ప్రమాదం ఉంది.

శిక్షల సంగతీ అంతే. ఒరాంగుటాన్‌ను పట్టడం, పెంచడం, చంపడం ఇండోనేషియాలో డచ్చివాళ్ళ కాలం నుంచీ నిషేధమే. 1990 చట్టంలో ఐదేళ్ళ జైలు ఉంది, 2024లో దాన్ని సవరించి ఇంకా పెంచారు. స్వాధీనం చేసుకున్న పిల్లల సంఖ్య పక్కన జైలుకెళ్ళినవాళ్ళ సంఖ్య పెడితే రెంటికీ పొంతన ఉండదు. పిల్లను అప్పగించినవాడిని మందలించి వదిలేయడం ఆనవాయితీ అయిపోయింది. తల్లిని ఎవరు చంపారన్న ప్రశ్న ఆ అప్పగింతతోనే మూసుకుపోతుంది.

ఇందులో మన వంటింటికీ ఒక పోగు తగులుతుంది. ప్రపంచంలో పామాయిల్ అందరికన్నా ఎక్కువగా దిగుమతి చేసుకునే దేశం భారత్. అందులో అత్యధిక భాగం ఇండోనేషియా, మలేసియాల నుంచే. బజ్జీల మూకుడు నుంచి బిస్కెట్, సబ్బు దాకా అదే నూనె. 2024 మేలో మలేసియా మంత్రి ఒకరు పామాయిల్ కొనే దేశాలకు ఒరాంగుటాన్లను కానుకగా ఇస్తామని ప్రతిపాదిస్తూ భారత్ పేరు కూడా చెప్పారు. విమర్శలు రావడంతో కొన్ని నెలలకు మాట మార్చి, జంతువులు అక్కడే ఉంటాయి, కంపెనీలు వాటి రక్షణకు డబ్బివ్వవచ్చన్నారు. ఏలూరు, ఖమ్మం వైపు పామాయిల్ గెలలు కోసే రైతుకు ఈ చెట్టు కొత్త కాదు. దేశంలో ఈ పంట ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఇక్కడ అది చాలావరకు అప్పటికే సాగులో ఉన్న పొలాల్లోకి వచ్చింది. అక్కడ లక్షల హెక్టార్ల వర్షారణ్యం కొట్టేసి వేశారు. చెట్టు ఒకటే, అది నిలబడిన నేల చరిత్ర వేరు. అందుకే చెట్టునే నిందించడం కన్నా, దిగుమతయ్యే నూనె ఏ నేల మీదిదో కొనేముందు తేల్చుకోవాలని అడగడం న్యాయం.

అన్నీ అడవికి తిరిగి వెళ్ళలేవు. సుమత్రాలో మెదాన్ దగ్గర బాతు ఎంబెలిన్ క్వారంటైన్ కేంద్రంలో ల్యూసర్ అనే మగ ఒరాంగుటాన్ ఉండేది. 2004లో ఒక ఇంట్లోంచి కాపాడి, పెంచి, జాంబిలోని బుకిట్ తిగపులుహ్ అడవిలో వదిలారు. 2006లో అది అడవి అంచు దాటి ఊరి వైపు వచ్చింది. ఒంట్లో దిగిన గుళ్ళు 62. చూపు పోయింది. కొన్నేళ్ళకు అదే కేంద్రానికి గోబర్ అనే ఆడది వచ్చింది. శుక్లాలు కమ్మి కళ్ళు కనబడక పంటల మీద పడుతుంటే పట్టి తెచ్చారు. ఆ రెండింటికీ 2011లో కవలలు పుట్టారు: కొడుకు గాంటెంగ్, కూతురు గింటింగ్. మరుసటి ఏడు వైద్యులు గోబర్ కళ్ళకు ఆపరేషన్ చేశారు. పుట్టినప్పటి నుంచీ తడిమి తెలుసుకున్న పిల్లలను అది అప్పుడు మొదటిసారి చూసింది.

2015 జనవరిలో తల్లినీ పిల్లలనీ ఆచేలోని జాంథో అడవికి తీసుకెళ్ళి వదిలారు. గోబర్ తనకు తెలిసిన చెట్లు ఎక్కింది. గింటింగ్ దాని వెనకే వెళ్ళింది. గాంటెంగ్‌కు ఆ ఎత్తులు, ఆ ఆకులు పట్టుబడలేదు. తల్లి ఇద్దరినీ వెంటేసుకు తిరగలేకపోయింది. పిల్లవాడు వెనకబడి నేలకు దిగాడు. సిబ్బంది వాడిని మళ్ళీ ఎత్తుకుని కేంద్రానికి తెచ్చుకున్నారు, మళ్ళీ మొదటి నుంచి నేర్పడానికి.